వడ్ల కుప్ప దగ్గర మూడు ప్రభుత్వాలు



యాసంగి కోతలు మొదలైతే సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలో ఏ ఊరికి పోయినా వడ్ల కుప్పలే. కొనుగోలు సెంటర్‌లో రైతు తన కుప్ప దగ్గర టార్పాలిన్ పరుచుకుని వంతు కోసం చూస్తుంటాడు. పొద్దున నెరపాలి, సాయంత్రం కుప్ప చేయాలి, మబ్బు పడితే ఉరికి కప్పాలి. సెంటర్ వాళ్లు గుప్పెడు గింజలు తేమ మిషన్‌లో పోసి చూస్తారు. 17 శాతం లోపు వస్తేనే కాంటా. తాలు ఉంటే తూర్పార పట్టి రమ్మంటారు. గన్నీ సంచికి 40 కిలోల చొప్పున తూచి, హమాలీలు మూతి కుట్టి లారీ ఎక్కిస్తారు. ట్రక్ షీట్ చేతికి వచ్చేదాకా రైతుకు నిద్ర ఉండదు.

ఆ సంచి చుట్టూ ఎన్ని ప్రభుత్వాలు నిలబడి ఉన్నాయో ఒక్కసారి చూడండి. మద్దతు ధర నిర్ణయించేది ఢిల్లీలోని కేంద్ర మంత్రివర్గం. 2025-26 సీజన్‌కు క్వింటాల్ సాధారణ రకానికి 2,369 రూపాయలు, ఏ గ్రేడ్‌కు 2,389 రూపాయలు అని అక్కడే ఖరారైంది. 17 శాతం తేమ అనే హద్దు కూడా కేంద్రం పెట్టిందే. వడ్లు కొనేది మాత్రం రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ. ఊళ్లో సెంటర్ నడిపేది మహిళా సంఘాలో, సహకార సంఘమో. సన్న వడ్లు పండిస్తే క్వింటాల్‌కు 500 రూపాయల బోనస్ రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. మిల్లుకు పోయిన ప్రతి 100 కిలోల వడ్లకు సుమారు 67 కిలోల బియ్యం లెక్కగట్టి సెంట్రల్ పూల్‌కు అప్పగించాలి. అక్కడ మళ్లీ కేంద్ర సంస్థ ఎఫ్‌సీఐ. చివరికి బియ్యం రేషన్ షాపుకు వస్తాయి. ఆహార భద్రత చట్టం కింద మనిషికి 5 కిలోలు కేంద్రం ఇస్తే, దాని మీద ఒక కిలో రాష్ట్రం కలుపుతుంది.

సమాఖ్య ప్రభుత్వం అంటే ఇదే. ఒకే నేల మీద, ఒకే మనిషి మీద రెండు ప్రభుత్వాలకు అధికారం ఉంటుంది. రెండూ ఆ మనిషి ఓటుతోనే ఏర్పడతాయి. ఏ పని ఎవరిదన్నది రాజ్యాంగంలో రాసి ఉంటుంది. ఆ రాతను ఏ ఒక్క ప్రభుత్వమూ తనంతట తాను కొట్టివేయలేదు. తగాదా వస్తే తీర్చడానికి పైన ఒక కోర్టు ఉంటుంది. ఇంతవరకు అమెరికాకైనా, కెనడాకైనా, ఆస్ట్రేలియాకైనా, మనకైనా ఒకటే. ఆ తర్వాతే దారులు వేరవుతాయి.

అమెరికాలో 13 రాష్ట్రాలు ముందే ఉన్నాయి. 1787లో ఫిలడెల్ఫియాలో వాటిలో 12 రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని రాజ్యాంగం రాసుకుని, తమ అధికారాల్లో కొన్నింటిని కేంద్రానికి అప్పగించారు. చిన్నదైనా పెద్దదైనా ప్రతి రాష్ట్రానికి అక్కడి సెనేట్‌లో ఇద్దరే సభ్యులు. రాష్ట్ర శాసనసభ ఒప్పుకోకుండా దాని సరిహద్దును ముట్టుకునే వీలు లేదు. మన దగ్గర కథ వేరు. రాష్ట్రాల మధ్య ఒప్పందంతో ఏర్పడిన సమాఖ్య కాదు మనది, అందుకే విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదు అని 1948 నవంబరులో రాజ్యాంగ సభలో అంబేద్కర్ విడమరిచి చెప్పారు. మన రాజ్యసభలో రాష్ట్రాలకు సమాన స్థానాలు లేవు, జనాభాను బట్టి ఉంటాయి. తెలంగాణకు 7 స్థానాలు, లోక్‌సభలో 17.

నంగునూరు 1948 దాకా నిజాం రాజ్యంలో ఉండేది. హైదరాబాద్ సంస్థానానికి సొంత నాణెం ఉంది, హాలీ సిక్కా అనేవాళ్లు. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేవాళ్లు. రెండింటికీ మారకం లెక్క ఉండేది. సంస్థానానికి సొంత తపాలా, సొంత రైల్వే, సరిహద్దులో సరుకు మీద సుంకం వసూలు చేసే కరోడ్‌గీరీ అన్నీ ఉండేవి. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. 1949 నవంబరు 23న భారత రాజ్యాంగాన్నే హైదరాబాద్ రాజ్యాంగంగా అంగీకరిస్తూ ఫర్మానా ఇచ్చాడు. 1950 జనవరి 26 నుంచి తపాలా, రైలు, నాణెం, సుంకం వంటివన్నీ ఒక్కటొక్కటిగా కేంద్రం చేతికి వెళ్లాయి. హైదరాబాద్‌లోని దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసిపోయింది. ప్రసారాలు కేంద్ర జాబితాలోని అంశం, ఇప్పుడు మీరు వింటున్న ఈ మాటలు కూడా ఆ ఏర్పాటు కిందే మీకు చేరుతున్నాయి. పోలీసు, భూమి శిస్తు, వ్యవసాయం, వైద్యం, సంతలు రాష్ట్రం దగ్గరే ఉండిపోయాయి. ఇప్పుడు మనం కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా అని పాఠ్యపుస్తకంలో చదివేది, ఇక్కడి పెద్దవాళ్లు తమ జేబులోని నాణెం మారడంలోనే చూశారు.

జాబితాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మొదట కేంద్రానికి 97 అంశాలు, రాష్ట్రాలకు 66, ఉమ్మడిగా 47 రాసుకున్నారు. ఉమ్మడి జాబితాలో ఇద్దరూ చట్టం చేయవచ్చు, పొసగకపోతే మామూలుగా కేంద్ర చట్టానిదే పైచేయి. మూడింటిలోనూ లేని అంశం ఏదైనా వస్తే అది కేంద్రానిదే. 1976లో ఎమర్జెన్సీ కాలపు 42వ సవరణ చదువును, అడవులను, మరికొన్నింటిని రాష్ట్ర జాబితా నుంచి తీసి ఉమ్మడి జాబితాలో వేసింది. అవి తిరిగి రాష్ట్రాలకు రాలేదు. ఊరి బడికి సంబంధించిన అధికారం రాష్ట్రం చేతిలో నుంచి అలా జారిపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

జాబితాలు కాగితం మీద విడివిడిగా ఉన్నా, పనిలోకి దిగితే కలిసిపోతాయి. నంగునూరు మండలంలోనే నర్మెట ఉంది. 2017లో రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ ఇనుప యుగం నాటి రాకాసి గూళ్లను తవ్వింది. ఒక సమాధి మీద కప్పిన రాతి పలక బరువు 40 టన్నులకు పైనే ఉంటుందని లెక్కగట్టారు. క్రేన్లు తెచ్చి లేపాల్సి వచ్చింది. తవ్వింది రాష్ట్ర శాఖ, తవ్వకానికి అనుమతి మాత్రం కేంద్రం నుంచి రావాలి. ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల చట్టం అలా చెబుతుంది. మన ఊరి పూర్వీకుల గూడు తెరవడానికి ఢిల్లీ సంతకం ఎందుకని కోపం రావచ్చు. తవ్వకం ఒకసారి తప్పుగా జరిగితే మళ్లీ సరిదిద్దలేం కాబట్టి దేశమంతటికీ ఒకే పద్ధతి ఉండటంలో అర్థం ఉందనే నేను అనుకుంటాను.

అదే నర్మెటకు ఇప్పుడు ఇంకో పేరు వచ్చింది, పామాయిల్. రాష్ట్ర ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీకి అక్కడే చోటు చూసుకుంది. చుట్టుపక్కల రైతులు వరి పొలాల్లో ఆయిల్‌పామ్ మొక్కలు పెట్టారు. మొక్క పెట్టాక గెల కోతకు రావడానికి నాలుగేళ్లు ఆగాలి. ఆ నాలుగేళ్ల ధైర్యం ఎవరిచ్చారు? 2021లో కేంద్రం జాతీయ వంటనూనెల మిషన్ ప్రకటించింది. మొత్తం 11,040 కోట్లలో 8,844 కోట్లు కేంద్రానివి, మిగతా 2,196 కోట్లు రాష్ట్రాలవి. మొక్కలకు, డ్రిప్‌కు సబ్సిడీ ఊరికి చేర్చేది రాష్ట్ర ఉద్యాన శాఖ. ఇంతవరకు బాగానే ఉంది. గెల ధర ముడి పామాయిల్ ధరను బట్టి నడుస్తుంది. ఆ ధర చాలావరకు ఇండోనేషియా, మలేషియాల నుంచి వచ్చే నూనె మీద మనం వేసే దిగుమతి సుంకాన్ని బట్టి ఉంటుంది. సుంకం పూర్తిగా కేంద్రం చేతిలోది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద ప్రాథమిక సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచారు, గెల ధర పెరిగింది. 2025 మే నెలాఖరులో దాన్ని 10 శాతానికి దించారు. నూనె ప్యాకెట్ కొనే పట్నం ఇల్లాలికి ఊరట ఇవ్వడానికి ఆ పని చేశారు, అది తప్పని నేననను. కానీ నర్మెట రైతును మొక్క పెట్టమన్నదీ, ఆ పంట ధరను తగ్గించగలిగేదీ ఒకే ప్రభుత్వం. ఈ మధ్యలో రాష్ట్రం మాట ఎక్కడ వినిపించాలి? అలాంటి నిర్ణయానికి ముందు రాష్ట్రాలను కూర్చోబెట్టి అడగాలన్న నియమం ఏదీ లేదు.

వడ్ల విషయంలో ఈ లోటు గొడవ దాకా పోయింది. యాసంగి వడ్లను ఎండల్లో పచ్చి బియ్యంగా పట్టిస్తే గింజ విరిగి నూకలవుతుంది. అందుకే మన మిల్లుల్లో ఉప్పుడు బియ్యం చేస్తారు. ఇక ఉప్పుడు బియ్యం తీసుకోం అని కేంద్రం చెప్పింది, దేశంలో తినేవాళ్లు తగ్గారన్నది దాని లెక్క. కొనాల్సిందే అని రాష్ట్రం పట్టుబట్టింది. 2021 నవంబరులో రాష్ట్రమంతటా ధర్నాలు జరిగాయి. 2022 ఏప్రిల్ 11న ముఖ్యమంత్రి, మంత్రులే ఢిల్లీలో ధర్నాకు కూర్చున్నారు. మరునాడు రాష్ట్ర మంత్రివర్గం సమావేశమై మద్దతు ధరకు వడ్లు తామే కొంటామని నిర్ణయించింది. ఎవరి వాదన ఎంత సరి అన్నది రాజకీయ పార్టీలు చెప్పుకుంటాయి. నా బాధ వేరే. అన్ని నెలలు ఏ విత్తనం చల్లాలో తెలియక రైతు నలిగిపోయాడు. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకునే స్థిరమైన వేదిక ఉండి ఉంటే, ఆ మాట నాట్లకు ముందే తేలేది. అంతర్రాష్ట్ర మండలికి రాజ్యాంగం 263వ అధికరణంలో చోటు పెట్టింది. 1990లో అది ఏర్పడింది కూడా. కానీ 2016 తర్వాత ముఖ్యమంత్రులందరితో అది సమావేశమే కాలేదు.

ఇక రాష్ట్రం పుట్టుక సంగతి. సిద్దిపేట ప్రాంతం వాళ్లకు ఇది వినికిడి చరిత్ర కాదు, కళ్లముందు జరిగింది. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ సంఘం తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా వేరుగా ఉంచి, 1961 ఎన్నికల తర్వాత శాసనసభలో మూడింట రెండొంతుల మంది కోరితేనే ఆంధ్రతో కలపాలని సిఫారసు చేసింది. ఆ మాట పక్కకు పోయి, 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం జరిగింది, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదన్న ఆగ్రహం 1969లో రోడ్డెక్కింది. 2009 నవంబరు 29న ప్రత్యేక తెలంగాణ కోసం సిద్దిపేటలో దీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖర్ రావును కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేశారు. డిసెంబరు 9 రాత్రి, తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి ప్రకటన వచ్చింది. ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా ఎదురుచూపు, ఎందరో పిల్లల ఆత్మబలిదానాలు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించాయి. జూన్ 2న తెలంగాణ వచ్చింది.

శాసనసభ కాదన్నా రాష్ట్రం ఎలా వచ్చింది? రాజ్యాంగం మూడో అధికరణం వల్ల. కొత్త రాష్ట్రం చేసే అధికారం పార్లమెంటుది. రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడాల్సిన పని లేదు. అమెరికా పద్ధతే ఇక్కడా ఉంటే తెలంగాణ ఇప్పటికీ కలగానే ఉండేదేమో. సంఖ్యలో తక్కువ ఉన్న ప్రాంతానికి, తన రాష్ట్రంలో దొరకని న్యాయం కేంద్రంలో దొరికింది. ఈ మాట కృతజ్ఞతతోనే చెప్పాలి. అదే అధికరణంతో 2019లో జమ్మూ కశ్మీర్‌ను రెండు కేంద్రపాలిత ప్రాంతాలు చేశారు. అప్పుడు అక్కడ శాసనసభే లేదు, అభిప్రాయం చెప్పే పని కూడా పార్లమెంటే చేసింది. మనకు మేలు చేసిన అధికారమే ఇంకొకరి నోరు మూయించగలదు. తెలంగాణ వాళ్లుగా మనకు ఈ రెండూ గుర్తుండాలి. మూడో అధికరణం ఉండాలి, కానీ శాసనసభ ఉన్నప్పుడే, సభ మాట విన్నాకే ఆ అధికరణాన్ని వాడాలి అన్నది నా అభిప్రాయం.

కేంద్రం చేయి ఎంత దూరం చాపవచ్చు అన్న ప్రశ్నను దేశం ముందు గట్టిగా పెట్టినవాళ్లలో తెలుగువాళ్లు ముందున్నారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, జనం ఒత్తిడితో ఆయన మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, మెజారిటీ ఉందా లేదా తేలాల్సింది శాసనసభలోనే గానీ రాజ్‌భవన్‌లో కాదు అని తేల్చింది. ఆ తీర్పు తర్వాత, రాష్ట్రపతి పాలన పెట్టే 356వ అధికరణం వాడకం బాగా తగ్గింది.

జిల్లా సంగతికి వస్తే ఢిల్లీతో పని లేదు. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడినప్పుడు నంగునూరు మెదక్ జిల్లా నుంచి ఇటు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ నోటిఫికేషన్ సరిపోయింది. ఆ జిల్లా హద్దును బట్టి నంగునూరు పిల్లల ఉద్యోగాల లెక్క మారింది. 371-డి అధికరణం కింద 2018లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం సిద్దిపేట రాజన్న జోన్‌లో ఉంది, చాలా పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత కోసం మన ప్రాంతం పడ్డ పోరాటం ఆఖరికి రాజ్యాంగంలో ఒక అధికరణంగా నిలిచింది. ఇలాంటి ప్రత్యేక రక్షణ అన్ని రాష్ట్రాలకూ లేదు.

డబ్బు గురించి చెప్పకుండా సమాఖ్య గురించి చెప్పినట్టు కాదు. పన్నుల్లో పెద్దవి వసూలు చేసేది కేంద్రం, జనం గడప దగ్గర ఖర్చు ఎక్కువగా పెట్టేది రాష్ట్రం. మధ్యలో పంపకం చెప్పడానికి 280వ అధికరణం కింద ఫైనాన్స్ కమిషన్. పద్నాలుగో కమిషన్ పంచదగిన కేంద్ర పన్నుల్లో 42 శాతం రాష్ట్రాలకు ఇమ్మంది, పదిహేనోది 41 అంది. ఆ రాష్ట్రాల వాటాలో తెలంగాణకు పద్నాలుగో కమిషన్ 2.437 శాతం ఇస్తే, పదిహేనో కమిషన్ 2.102కు దించింది. సంపాదన పెరిగిన రాష్ట్రానికి వాటా తగ్గుతుంది, పేద రాష్ట్రానికి పెరుగుతుంది. అది అన్యాయమని నేననను, దేశం ఒకటే అయినప్పుడు బీహార్ పిల్లాడి బడి కూడా మనదే. కేంద్రం సెస్సులు, సర్‌చార్జీల పేరుతో వసూలు చేసే డబ్బు మాత్రం పంపకంలోకే రాదు. అభ్యంతరం చెప్పాల్సింది అక్కడ. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాక రాష్ట్రం సొంతంగా పన్ను వేసే చోటు కూడా బాగా కుదించుకుపోయింది. జీఎస్టీ కౌన్సిల్ ఓటులో కేంద్రానిది మూడో వంతు, రాష్ట్రాలన్నింటివి కలిపి రెండొంతులు. నిర్ణయానికి నాలుగింట మూడొంతులు కావాలి. అంటే కేంద్రం కాదంటే ఏదీ నెగ్గదు.

సిద్దిపేటకు 2023 అక్టోబరు 3న రైలు వచ్చింది. రైల్వే కేంద్ర జాబితాలోని అంశం. అయినా మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా వేస్తున్న ఆ లైనుకు భూమి ఇచ్చింది, నిర్మాణ ఖర్చులో మూడో వంతు ఒప్పుకున్నది రాష్ట్రం. రైలు ఎక్కినవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు? మేమే తెచ్చాం అని రెండు వైపులా బ్యానర్లు కట్టుకున్నారు. ఇద్దరూ తెచ్చారన్నదే నిజం.

కేంద్రం మీద రాష్ట్రం చేసే ఫిర్యాదులు న్యాయమైనవే కావచ్చు. అదే రాష్ట్రం మూడో ప్రభుత్వమైన ఊరి పంచాయతీని ఎలా చూస్తోంది? 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. అయిదేళ్ల గడువు ముగిసేలోపు పంచాయతీ ఎన్నికలు జరపాలని రాజ్యాంగం స్పష్టంగా చెప్పింది. తెలంగాణలో సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గాలు లేవని ఫైనాన్స్ కమిషన్ గ్రాంట్లను కేంద్రం ఆపింది. మోరీలు తీసేవాళ్లకు, వీధిలైట్లకు, ట్రాక్టర్ డీజిల్‌కు డబ్బు కోసం పంచాయతీ కార్యదర్శులు పడిన ఇబ్బంది ఊళ్లో అందరూ చూసిందే. పైనుంచి తనకు దక్కాల్సింది అడిగే ప్రభుత్వం, కిందికి ఇవ్వాల్సింది ఆపకూడదు. పదకొండో షెడ్యూలులో 29 అంశాలు పంచాయతీలకు అప్పగించవచ్చని రాసి ఉంది. అప్పగించవచ్చు అన్న ఆ వెసులుబాటును ఆసరా చేసుకుని ఏ ప్రభుత్వమూ, ఏ పార్టీదైనా సరే, నిధులతో సహా మనస్ఫూర్తిగా అప్పగించలేదు.

నంగునూరులోనూ, మీ ఊళ్లోనూ ఇప్పుడు కొత్త సర్పంచులు, వార్డు సభ్యులు ఉన్నారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. ఈసారి దండోరా వేస్తే తప్పకుండా వెళ్లండి. కేంద్ర ఫైనాన్స్ కమిషన్ నుంచి ఎంత వచ్చింది, రాష్ట్రం ఎంత ఇచ్చింది, ఇంటి పన్ను ఎంత వసూలైంది, మూడూ విడివిడిగా చదవమని అడగండి. పదిహేనో ఫైనాన్స్ కమిషన్ గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలన్నది నియమం, అది అలాగే ఖర్చయిందా అని అడగండి. డబ్బు రాలేదంటే ఎవరి దగ్గర ఆగిందో పేరు పెట్టి చెప్పమనండి. ఢిల్లీలో ఆగితే మీ ఎంపీని, హైదరాబాద్‌లో ఆగితే మీ ఎమ్మెల్యేను పట్టుకోండి. జవాబును తీర్మానం పుస్తకంలో రాయించి, సంతకం పెట్టాకే ఇంటికి వెళ్లండి.